నెల్లూరు తీరంలో మోషే ధర్మశాస్త్రం: దైవన్యాయ చర్చ - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
పంతొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో నెల్లూరు తీరంలో విస్తరించిన బాప్టిస్టు క్రైస్తవం, మోషే ధర్మశాస్త్ర ప్రయోజనం అనే పాత ప్రశ్నను దళితవాడలోకి తెచ్చింది. ధర్మశాస్త్రం మనిషిని నీతిమంతుని చేయలేదన్న పౌలు వాదం ఒక వైపు, చచ్చిన గొడ్డును తినరాదన్న మిషన్ నియమం మరొక వైపు నిలిచాయి. తెలుగు బైబిలు పదజాలం, మిషన్ రచనలు, జి. కళ్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ ఆధారంగా ఈ రెంటి మధ్య సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ధర్మశాస్త్రం, దైవన్యాయం, తెలుగు బైబిలు, రామపట్నం, అంటరాని వసంతం, రూతు, పరిగె.

1. ఉపోద్ఘాతం

గుడ్లూరు మండలంలో, సముద్రపుటొడ్డున ఉన్న రామాయపట్నం నేడు ఓడరేవు నిర్మాణం వల్ల వార్తలకెక్కుతున్నది. తెలుగు క్రైస్తవ చరిత్రలో ఆ ఊరికి రామపట్నం అన్న పేరుతో అంతకుముందే ప్రసిద్ధి ఉంది. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో ప్రారంభించిన అమెరికన్ బాప్టిస్టు మిషన్, తెలుగు బోధకుల శిక్షణ కోసం 1872లో అక్కడ వేదాంత పాఠశాలను నెలకొల్పింది. ఆ మిషన్‌లో చేరినవారిలో అత్యధికులు మాదిగలు. కనుక ఆ పాఠశాలలో బైబిలు విప్పిన విద్యార్థుల ముందు రెండు ధర్మశాస్త్రాలు ఉండేవి. ఒకటి సీనాయి కొండపై మోషేకు ఇయ్యబడిందని వారు చదువుతున్నది. రెండోది వారు ఎన్నడూ చదవనిది, చదవడానికి అర్హత లేదని చెప్పబడినది, అయినా పుట్టిన నాటినుండి తమపై అమలవుతున్నది.

ధర్మశాస్త్రం మనిషిని రక్షించలేకపోతే దేవుడు దానిని ఎందుకిచ్చాడు? ఇవ్వని ప్రజలను దాని ప్రకారం శిక్షించడం న్యాయమా? సంస్కరణోద్యమ కాలం నుండి ప్రొటెస్టంటు వేదాంతులు ఈ ప్రశ్నలను గ్రంథచర్చగానే ప్రధానంగా సాగించారు. నేరాన్ని అదుపు చేయడానికనీ, పాపాన్ని చూపే అద్దమనీ లూథర్ రెండు ప్రయోజనాలు చెప్పాడు. విశ్వాసికి దారి చూపడమే దాని ముఖ్య ప్రయోజనమని కాల్విన్ మూడోదాన్ని ప్రధానం చేశాడు. ఈ మూడింటిలో ఏదీ నెల్లూరు తీరపు అనుభవానికి పూర్తిగా సరిపోదు. అక్కడ శాస్త్రం చేసిన పని వేరు. అంతవరకు ఏ శాస్త్రమూ ‘నీవు’ అని సంబోధించని మనిషిని అది మొదటిసారి సంబోధించింది. ఆ సంబోధన విలువ ఎంత, దానికి చెల్లించిన మూల్యమెంత అన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

2. ‘ధర్మశాస్త్రము’ అనే అనువాదం

హీబ్రూ ‘తోరా’కు మూలార్థం బోధ, దారి చూపడం. గ్రీకు అనువాదకులు దానిని ‘నోమోస్’ అన్నారు. అప్పటినుండి బోధ కన్నా చట్టం అన్న అర్థమే ముందుకు వచ్చింది. తెలుగు బైబిలు దానికి ‘ధర్మశాస్త్రము’ అనే పదాన్ని స్థిరపరచింది. సంస్కృత సంప్రదాయంలో ఆ మాట వినగానే స్ఫురించేది మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి. శూద్రునికి ధర్మాన్ని ఉపదేశించరాదని మనుస్మృతి నాలుగో అధ్యాయం నిషేధిస్తుంది. చండాలుర నివాసం ఊరి వెలుపల ఉండాలని పదో అధ్యాయం విధిస్తుంది. విననివ్వని శాస్త్రమే శిక్షిస్తుందన్నమాట. ధర్మశాస్త్రం లేక పాపం చేసినవారి గతి ఏమిటని రోమీయుల పత్రిక రెండో అధ్యాయం వేసే ప్రశ్నను మాదిగపల్లెలో చదివినప్పుడు, దూరదేశపు అన్యజనుల గురించిన ఊహాప్రశ్నగా అది మిగలదు.

అనువాదకులు ఈ ఘర్షణను ఉద్దేశించి ఆ పదాన్ని ఎన్నుకొన్నారని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. పవిత్రమైన విధిగ్రంథానికి పండితభాషలో సిద్ధంగా ఉన్న పేరు అది. కాని ఎన్నిక జరిగిన తర్వాత పదం తన పని తాను చేసుకుపోయింది. ‘ధర్మశాస్త్రము నుండి విడుదల’ అన్న పౌలు భావన తెలుగులో ద్వ్యర్థి అయింది. యెరూషలేములో ఒక అర్థం, కందుకూరు దారిలో మరొక అర్థం.

నూటపంతొమ్మిదో కీర్తనలో శాస్త్రానికి వాడిన పర్యాయపదాల వరుసను గమనించవచ్చు. శాసనములు, ఉపదేశములు, కట్టడలు, ఆజ్ఞలు, న్యాయవిధులు అన్నవి ఆ వరుస. వీటిలో ‘కట్టడ’ ఒక్కటే పల్లెకు పూర్తిగా సొంతమైన మాట. కులకట్టుబాటు, ఊరి కట్టడి అన్నవాటికి అది దగ్గరి చుట్టం. కట్టడ తప్పినవారికి వెలి. శాస్త్రమనే మాట పైనుండి దిగితే, కట్టడ అనే మాట రచ్చబండ నుండి నడిచివచ్చింది.

అంతకన్నా ఆసక్తికరమైనది ‘తీర్చు’ అనే క్రియ. విశ్వాసం వల్ల దేవుడు మనిషిని నీతిమంతునిగా ప్రకటిస్తాడన్న న్యాయస్థానపరమైన భావనకు తెలుగు బైబిలులో వచ్చిన రూపం ‘నీతిమంతులుగా తీర్చబడుట’. తీర్పుకూ దీనికీ ధాతువు ఒకటే. కాని తెలుగులో తగవు తీరుస్తారు, బాకీ తీరుస్తారు, ఆకలి తీరుస్తారు, తీర్చి దిద్దుతారు. గ్రీకు పదంలో ప్రధానమైన ‘నిర్దోషి అని ప్రకటించడం’ అనే అర్థం ఇక్కడ పలచబడి, ఉన్న కొరతను పూడ్చడం అనే అర్థం బలపడింది. వేదాంతి దీనిని అనువాదలోపంగా లెక్కించవచ్చు. సాహిత్య విమర్శకు మాత్రం ఇది లాభమే. తీర్పు చెప్పే దేవుడు తీర్చే దేవుడయ్యాడు.

నీతి, న్యాయం అనే జంటపదాల విషయమూ ఇలాంటిదే. అమర్త్య సేన్ 2009లో వెలువరించిన న్యాయసిద్ధాంత గ్రంథంలో సంస్కృత సంప్రదాయం నుండి ఈ రెండు మాటలనూ తీసుకొని, సంస్థలూ నియమాలూ సక్రమంగా ఉండడం నీతి అనీ, మనుషుల బతుకుల్లో వాస్తవంగా నెరవేరేది న్యాయం అనీ విడదీశాడు. పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయాన్ని నివారించడం ఆయన ఉదాహరణ. (చేపలు పట్టి బతికే తీరంలో ఈ దృష్టాంతానికి వివరణ అవసరం లేదు.) తెలుగు బైబిలులో నీతి వ్యక్తి గుణం, దేవుని గుణం. ‘నీతిమంతుడు’ అంటే నియమాల చట్రం కాదు, మనిషి. అందువల్ల దైవన్యాయ చర్చ తెలుగులో వ్యవస్థ మీదికి పోకుండా వ్యక్తి సచ్ఛీలత మీదికి మళ్లే ప్రమాదం పదజాలంలోనే పొంచి ఉంది. మిషన్ ప్రసంగ సంప్రదాయం తరచు ఆ దారినే పట్టింది.

ఇక గలతీయుల పత్రిక మూడో అధ్యాయం. ధర్మశాస్త్రం క్రీస్తు దగ్గరకు నడిపించేంతవరకే ఉండే ‘పైదగోగోస్’ అని పౌలు అంటాడు. తెలుగు బైబిలు ఆ మాటను ‘బాలశిక్షకుడు’ అన్నది. బాలశిక్ష పుస్తకం తెలిసిన పాఠకునికి ఇది బడిపంతులును తలపిస్తుంది. శిక్ష అంటే చదువు, దండన కూడా కనుక బెత్తమూ కనిపిస్తుంది. కాని గ్రీకు, రోమను ఇళ్లలో పైదగోగోస్ పంతులు కాదు. యజమాని కొడుకును వెంటబెట్టుకొని బడికి తీసుకుపోయే బానిస. పిల్లవాడు తప్పుదారి పట్టకుండా చూడడం అతని పని, పాఠం చెప్పడం కాదు. పిల్లవాడు పెద్దవాడైతే అతని అధికారం ముగుస్తుంది. తెలుగు పల్లెలో ఆ పాత్రకు సరిగ్గా సరిపోయేవాడు పాలేరు. ఆసామి బిడ్డను బడి గుమ్మం దాకా దించి, తాను లోపలికి అడుగుపెట్టలేక బయట నిలిచేవాడు. ‘బాలశిక్షకుడు’ అనడంతో ఆ దాస్యం అనువాదంలో మాయమైంది. అది నిలిచి ఉంటే రామపట్నం విద్యార్థి ఆ వాక్యంలో తన తండ్రిని చూసి ఉండేవాడు. ధర్మశాస్త్రమే దాసుడన్న పౌలు ధిక్కారం కూడా అతనికి మరింత బలంగా తాకి ఉండేది.

3. మూడు నియమాలు - చచ్చిన గొడ్డు

జాన్ ఎవరెట్ క్లౌ 1865లో నెల్లూరు చేరి, మరుసటి ఏడు ఒంగోలుకు తరలాడు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. మాదిగ ఉద్యమానికి తొలి ఊపిరి పోసిన యర్రగుంట్ల పేరయ్య క్లౌను కలిసేనాటికే రాజయోగ గురుపరంపరలో దైవాన్వేషణ సాగించినవాడు. పేరయ్య, ఆయన సహచరుల కథలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో చెప్పులు కుట్టేవారి గాథలుగా గ్రంథస్థం చేసింది. క్లౌ మరణానంతరం 1914లో వెలువడిన ఆయన ఆత్మకథ కూడా ఆమె కూర్చినదే.

ఆ ఆత్మకథ ప్రకారం కొత్తగా చేరినవారి ముందు పెట్టిన ప్రాథమిక నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ధర్మశాస్త్ర క్రియల వల్ల ఎవడూ నీతిమంతుడు కాడని బోధించే సంప్రదాయం, వాడలో అడుగుపెట్టగానే ఒక చిన్న ధర్మశాస్త్రాన్ని చేతికిచ్చింది. ఇది వైరుధ్యమే. కాని కొత్త వైరుధ్యం కాదు. అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయంలో యెరూషలేము సభ అన్యజన విశ్వాసులపై ధర్మశాస్త్రభారం మోపరాదని తీర్మానించి, ఆ తీర్మానంలోనే విగ్రహార్పితాలను, రక్తాన్ని, గొంతు పిసికి చంపినదాన్ని వర్జించమని ఆదేశిస్తుంది. తిండి నియమం లేకుండా కృపాసిద్ధాంతం ఎక్కడా నేల మీద నిలవలేదు.

రెండో నియమం మీద కొంతసేపు ఆగాలి. మృతజంతువు విషయంలో మోషే ధర్మశాస్త్రం ఏకకంఠంతో మాట్లాడదు. నిర్గమకాండము ఇరవైరెండో అధ్యాయం మృగాలు చీల్చినదాన్ని కుక్కలకు వేయమంటుంది. లేవీయకాండము పదిహేడో అధ్యాయం చచ్చినదాన్నిగాని చీల్చబడినదాన్నిగాని తిన్నవాడు స్వదేశి అయినా పరదేశి అయినా సాయంకాలం వరకు అపవిత్రుడంటూ ఇద్దరినీ ఒకే గాట కడుతుంది. ద్వితీయోపదేశకాండము పద్నాలుగో అధ్యాయం దారి వేరు: నీవు తినవద్దు, నీ ఊరిలో ఉన్న పరదేశికి ఇయ్యి, లేదా అన్యునికి అమ్ము. కారణం, నీవు ప్రతిష్ఠిత జనం.

ఈ మూడో పాఠాన్ని తెలుగు పల్లె మీద పరచి చూస్తే దృశ్యం వెంటనే స్పష్టమవుతుంది. ఊరిలో గొడ్డు చస్తే కబురు ఎవరికి వెళ్లేది? దానిని ఈడ్చుకుపోయి, తోలు ఒలిచి, ఆ తోలుతో ఊరికి చెప్పులూ కపిలబానలూ కుట్టి ఇచ్చి, మాంసంతో కడుపు నింపుకోవలసినవారు ఎవరు? ద్వితీయోపదేశకాండపు ‘నీవు’ ఊరివాడు. ‘పరదేశి’ వాడలోనివాడు. బైబిలు లోపలే మాదిగకు కేటాయించబడిన స్థానం ఒకటి ఉంది, అది గొడ్డును పుచ్చుకొనేవాడి స్థానం. మిషన్ నియమం చేసింది ఇక్కడ కేవలం తిండి నిషేధం కాదు. వాక్యంలోని పరదేశిని లేపి ‘నీవు’ కూర్చున్న చోట కూర్చోబెట్టడం. శాస్త్రం మెడమీద కాడి అని పౌలు పాఠకులు అనుకోవచ్చు. అసలు సంబోధనే లేనివానికి మొదటి ‘వద్దు’ అన్న మాట ప్రవేశపత్రంలా వినిపించి ఉంటుంది.

ఆదివారం నియమం కూడా ఈ దృష్టితోనే చూడదగినది. విశ్రాంతిదినాజ్ఞకు బైబిలు రెండు కారణాలు చెబుతుంది. దేవుడు సృష్టి ముగించి విశ్రమించాడని నిర్గమకాండము అంటుంది. నీవు ఐగుప్తులో దాసుడవని జ్ఞాపకం చేసుకొని నీ దాసదాసీలను విశ్రమింపనియ్యమని ద్వితీయోపదేశకాండము అంటుంది. వెట్టి చేసే మనిషికి రెండో కారణమే అర్థవంతం. కాని ఆజ్ఞ మళ్లీ యజమానిని ఉద్దేశించినదే. నెల్లూరు సీమలో దానిని పాటించినవాడు దాసుడే, అదీ యజమాని అనుమతి లేకుండా. ఆదివారం పిలిచిన పనికి రాకపోవడం, జాతరలో డప్పు కొట్టననడం ఊరి కట్టడిని ధిక్కరించడమే. దానికి ఊరు ఇచ్చిన జవాబు పని నిలిపివేయడం, హింసించడం అన్న రూపాల్లో వచ్చిందని మిషన్ రచనలే నమోదు చేశాయి.

అయితే ఈ పఠనాన్ని ఇక్కడే ఆపితే అది మిషన్ ప్రశంస అవుతుంది. చచ్చిన గొడ్డు తినేవాడు హీనుడన్న తీర్పు ఊరిది. నియమం ఆ తీర్పును ప్రశ్నించలేదు. దానిని అంగీకరించి, ఆ తీర్పు కిందనుండి తప్పుకొనే దారి చూపింది. ఊరి పంటలో వాటా లేక ఆ మాంసమే దిక్కైన ఇంట్లో, నిషేధాన్ని పాటించడానికి ముందుగా ప్రత్యామ్నాయం కావాలి. నీతి పేరిట ఆకలిని భరించవలసింది బీదవాడే, అందులోనూ పొయ్యి వెలిగించవలసిన స్త్రీ. అంబేడ్కర్ 1927లో మహాడ్‌లో మృతమాంసాన్ని వదలమని పిలుపునిచ్చినప్పుడు కూడా ఈ చిక్కు ఉంది. కాని ఆయన పిలుపు చెరువునీటి హక్కుతో కలిసి వచ్చింది. వదలవలసినదానితో పాటు అందుకోవలసినదాన్నీ ఆయన చూపాడు. మిషన్ నియమాలు మూడూ ‘వద్దు’లే. హక్కు గురించిన వాక్యం వాటిలో లేదు.

4. కరువు, కాలువ, తరాల దోషం

1876-78 కరువు దైవన్యాయ ప్రశ్నను మరింత కఠినం చేసింది. పోలేరమ్మ ఆగ్రహమా, పూర్వజన్మ కర్మమా, యెహోవా ఉగ్రతా? మూడు సమాధానాలూ ఆకలిగొన్నవాడినే దోషిగా నిలబెడతాయి. తీరం వెంబడి కరువు పనిగా సాగిన బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకొని ఆశ్రితులకు కూలి కల్పించాడు. గింజల కోసం మతం మారారన్న నింద రాకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. తిరిగి ప్రారంభించాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషన్ చరిత్రలు ఈ అంకెను అద్భుతంగా చూపుతాయి. ఆ అంకె కన్నా బాప్తిస్మాలు ఆపిన నెలలే వేదాంతపరంగా విలువైనవి. కూలిని కూలిగా, విశ్వాసాన్ని విశ్వాసంగా విడిగా ఉంచడం ఆకలిని దైవశిక్షగా చదవడానికి నిరాకరించడమే.

తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు కుమారుల మీదికి వస్తుందని పది ఆజ్ఞలు చెబుతాయి. యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయం దీనిని ఖండిస్తుంది. తండ్రి దోషం కుమారుడు మోయడు, ఎవని నీతి వానిదే. దేవుని పద్ధతి న్యాయం కాదని జనం మొరపెట్టడం, ప్రవక్త దానికి జవాబివ్వడం కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నాయి. లేఖనం లోపలే లేఖనంతో వాదం సాగింది. జన్మవల్ల దోషమన్న భావన కింద నలిగినవారికి యెహెజ్కేలు కన్నా దగ్గరి ప్రవక్త లేడు.

ఇక్కడే నెల్లూరు తీరం ఒక చేదు ఉదాహరణను ఇస్తుంది. 1911 నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే నేరస్థులను నిర్ధారించింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఉంచిన కావలి సెటిల్‌మెంటును నడిపినది అమెరికన్ బాప్టిస్టు మిషనే. చదువు, పని నేర్పడం అక్కడ జరిగిన మాట వాస్తవం. కాని అనుమతి లేకుండా హద్దు దాటరాని బతుకును, తండ్రి కులాన్నిబట్టి కుమారుని అనుమానించే శాసనాన్ని, యెహెజ్కేలును బోధించే సంస్థే అమలు చేసింది. ధర్మశాస్త్రం నుండి విడుదలను ప్రకటించినవారు రాజశాసనం దగ్గర బాలశిక్షకులుగా కుదురుకొన్నారు.

5. ‘అంటరాని వసంతం’ - రూతు సాక్ష్యం

జి. కళ్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ 2000లో వెలువడింది. ఎల్లన్నతో మొదలై శివయ్య, రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ వరకు ఒక మాలపల్లె కుటుంబపు తరాల కథ అది. కరువుకు ఊరు విడిచిన శివయ్య కాలువపని దగ్గరకు చేరడం, తర్వాత క్రైస్తవంలోకి రావడం నవలలో కీలకమైన మలుపు. ఈ నవలను దళిత చరిత్ర పునర్నిర్మాణంగా, మౌఖిక కళల జ్ఞాపకంగా విమర్శకులు విరివిగా చర్చించారు. దానిలోని బైబిలు వాదం మీద పడిన దృష్టి తక్కువ.

నవల నిర్మాణమే మూడు నాలుగు తరాల వాక్యానికి ఎదురు జవాబు. ఇక్కడ తరం నుండి తరానికి సంక్రమించేది దోషం కాదు, జరిగిన అన్యాయం. దానితో పాటు పాట, ఆట, ధిక్కారం కూడా సంక్రమిస్తాయి. మతం మారినా అంటరానితనం వెంట వస్తుంది. పేర్లు మాత్రం మారతాయి. ‘దేవుడు మనకు తోడు’ అన్న అర్థం గల ఇమ్మానుయేలు తర్వాతి తరం విప్లవ రాజకీయాల దారి పట్టడాన్ని మతతిరస్కారంగా మాత్రమే చదవడం తొందరపాటు. తోడుంటానన్న దేవుడు ఏ పక్షాన ఉన్నాడో తేల్చమన్న ప్రశ్న అందులో ఉంది.

ఈ చరిత్రనంతా జ్ఞాపకం చేసుకొనేది రూతు. ఆ పేరు యాదృచ్ఛికమైనా, ఉద్దేశపూర్వకమైనా అది తెచ్చే గ్రంథం మాత్రం ధర్మశాస్త్ర చర్చకు నడిబొడ్డు. రూతు గ్రంథం కరువుతో మొదలవుతుంది. ఆమె మోయాబీయురాలు. మోయాబీయులు పదో తరం వరకైనా యెహోవా సమాజంలో చేరరాదని ద్వితీయోపదేశకాండము ఇరవైమూడో అధ్యాయం శాసిస్తుంది. ఆ మరుసటి అధ్యాయమే పొలంలో మరచిన పనను పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి విడిచిపెట్టమంటుంది. ఒక శాసనం రూతును వెలివేసింది. ఇంకొకటి ఆమెకు పరిగె ఏరుకొనే హక్కు ఇచ్చింది. ఆ పరిగెతోనే ఆమె బతికి, దావీదుకు ముత్తవ్వ అయింది. శాస్త్రప్రయోజనం ఏమిటన్న ప్రశ్నకు ఈ చిన్న గ్రంథం సిద్ధాంతం చెప్పదు. ఏ శాసనం ఆమెను బతికించిందో చూపి ఊరుకొంటుంది.

పెన్నా ఆయకట్టు పొలాల్లో పరిగె ఏరినవారికి ఈ గ్రంథం పరాయిది కాదు. కాని ఒక తేడా ఉంది. పరిగె శాసనంలో ‘నీవు’ ఆసామి. ఏరుకొనేది ‘ఆమె’. పుస్తకం పేరు రూతుదైనా కథ చెప్పేది రూతు కాదు. కళ్యాణరావు నవల బలం ఇక్కడే ఉంది. ఏరుకొనేది కథ చెబుతుంది, శాసనం ఉత్తమపురుషలో వినబడుతుంది. జాషువ ‘గబ్బిలం’ 1941లో అరుంధతీసుతుని మొరను కాశీలోని శివునికి పంపింది. అక్కడ న్యాయం అడగడానికి ఒక దేవుడు, ఒక దూత ఉన్నారు. నవలలోని రూతుకు దూత అక్కరలేదు. ఆమె ఎదురుగా న్యాయాధిపతి లేడు, వినేవారు ఉన్నారు.

నవలకు లోటు లేకపోలేదు. మిషన్‌ను ప్రధానంగా వాగ్దానభంగంగా, వాడలో కులాన్ని కొనసాగనిచ్చిన వ్యవస్థగా చూసే దృష్టిలో, చిన్న చిన్న నియమాలు పాటించిన మనుషులకు కలిగిన ఆత్మగౌరవానికి దక్కిన చోటు తక్కువ. ఆదివారం డప్పు ఎత్తనన్న మనిషి ధిక్కారం కూడా ధిక్కారమే. అతడు దానిని ఆజ్ఞాపాలన అన్నాడు, విమర్శ దానిని విధేయతగానే నమోదు చేసింది. పేరయ్య తరం గురించి ఎమ్మా క్లౌ రాసినదానిలో లోపం దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ ప్రతి ధిక్కారమూ విధేయతగా మారి, మిషన్ ఖాతాలో జమ అవుతుంది. ఈ రెండు రకాల రచనలనూ పక్కపక్కన పెట్టి చదివే పని తెలుగు పరిశోధనలో ఇంకా విరివిగా జరగవలసి ఉంది.

రూతు గ్రంథం చివరి అధ్యాయంలో ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దలు కూర్చొని ఆమె విషయం తేలుస్తారు. పొలం, పెండ్లి, వంశం అన్నీ అక్కడే నిర్ణయమవుతాయి. ఆనవాయితీ ప్రకారం హక్కు వదులుకొన్నవాడు తన చెప్పు తీసి రెండోవాని చేతికిస్తాడు, దానితో వ్యవహారం ముగుస్తుంది. ఆ గవిని దగ్గర రూతు లేదు. చేతులు మారిన ఆ చెప్పును కుట్టినవాడు ఎవరో గ్రంథం చెప్పదు.